యుద్ధకాలమున ఏలూరు సీమ

చతురంగము మనదేశమున చిరకాలముగ ఆడబడుచున్నను, ఆ అరువదినాలుగు గళ్లలో గజతురగములకు, పదాతులకు చోటున్నదే గాని, ఆ యేనుగునకు మేత యెవరు మోసిరి, ఆ బంటునకు తిండిగింజలు ఏ గాదెనుండి వచ్చెను అను విచారణకు చోటు లేదు. రాజ్యమునకు సప్తాంగములను చెప్పిన కౌటిల్యుడు జనపదమును, కోశమును దండమునకు ముందుగా ఉంచెను. ఆ క్రమమును పటముమీది ఆటగా మలచినవారు మాత్రము పాశ్చాత్యులు. 1980 దశకమున అమెరికాలో ప్రచారమునకు వచ్చిన ‘యాక్సిస్ అండ్ అలైస్’ అను ఆటలో రెండవ ప్రపంచసంగ్రామమే వస్తువు. ప్రతి భూఖండముమీదను ఒక అంకె వ్రాసియుండును. అది ఆ నేలవలన వచ్చు ఆదాయము. తన వంతు వచ్చినప్పుడు ఆటగాడు ఆ ఆదాయముతో ట్యాంకులనో విమానములనో కొనుక్కొనును. ఈ జాతి క్రీడలలో శాంతికాలపు కర్మాగారము యుద్ధకర్మాగారమగుట ఒక బిళ్లను తీసి మరియొక బిళ్లను పెట్టుటతో ముగిసిపోవును. ఆడువారికి అది సులభము. పటముమీద చిన్న అంకెగా మిగిలిపోయిన నేలలలో ఆ మార్పు నిజముగ ఎట్లు జరిగినదో విచారించుటకు మన ఏలూరు సీమ చక్కని తావు.

ఏలయన, ఈ సీమలో తీసిపెట్టుటకు అట్టి బిళ్లయే లేదు. 1939 నాటికి ఏలూరులో గోనెసంచుల మిల్లు ఉండెను. పారశీకమునుండి వచ్చి స్థిరపడినవారి సంతతి నేయు ఉన్ని తివాచీల మగ్గములుండెను. ఏలూరునందును తాడేపల్లిగూడెమునందును బియ్యపు మిల్లులు పొగగొట్టములెత్తి నిలిచియుండెను. ఫిరంగులు పోయు కొలిమి గాని, మోటారుబండ్లు కూర్చు శాల గాని చుట్టుప్రక్కల నెచ్చటను లేదు. ఉన్నవి వడ్లు, పడవలు, బాటలు, మెట్టయడవులు, పనిచేయు చేతులు. వీనినే యుద్ధమునకు మళ్లించిరి. మళ్లించిన సాధనము కాగితము: పర్మిటు, కూపను, లైసెన్సు, కరణము వ్రాసిన లెక్క. ఆ కాగితముల చరిత్రయే ఇచ్చట యుద్ధోత్పత్తి చరిత్ర.

నేల స్వరూపము తెలిసినగాని ఈ కథ బోధపడదు. ఉత్తరమున చింతలపూడి మెట్ట. జొన్నకు, వేరుసెనగకు, పొగాకునకు పనికివచ్చు ఎఱ్ఱనేలలు, చెరువులు, వానినంటి యడవులు, వానికావల నాటి నిజాము రాజ్యము. తమ్మిలేరు ఆ తావులనుండి దిగి, చింతలపూడి మెట్టను దాటి, విజయరాయిమీదుగా ఏలూరు చేరి, అచట రెండుపాయలై కొల్లేట కలియును. ధవళేశ్వరపు ఆనకట్టనుండి వచ్చు గోదావరి కాలువయు, బెజవాడ ఆనకట్టనుండి వచ్చు కృష్ణ కాలువయు కలిసికొనునది కూడ ఏలూరే. కావున కాకినాడలో వేసిన బస్తా రైలెక్కకయే, కాలువలవెంట, బకింగుహాము కాలువమీదుగా మదరాసునకు పోగలిగెడి కాలమది. యుద్ధమన్నది కొల్లేటికి కొత్త గాదు. రెండవ పులకేశి విజయములను వర్ణించు ఐహొళె శాసనము ఈ సరస్సు జలము నెత్తుటితో ఎఱ్ఱబారెనని చెప్పుకొనినది. ఆ యుద్ధములు సైన్యము కంటబడినప్పుడు వచ్చి, సైన్యము మరలినప్పుడు పోయెను. 1939లో వచ్చినదానికి సైన్యముతో పనిలేకపోయెను.

1939 సెప్టెంబరు 3వ తేదీన రాజప్రతినిధి లిన్‌లిత్‌గో ప్రభువు, ఈ దేశపు శాసనసభలలో ఒక్కదానినైనను అడుగకయే, భారతదేశము యుద్ధమున చేరినదని ప్రకటించెను. అక్టోబరు తుదకు మదరాసున రాజాజీ మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. అటుపిమ్మట మదరాసు రాజధాని (ప్రెసిడెన్సీ) పరిపాలన గవర్నరు చేతిలోను, ఆయన సలహాదారుల చేతిలోను పడెను. ఏలూరులో కలెక్టరు, చింతలపూడిలో తహసీలుదారు, ఊరిలో మునసబు కరణములు. నడుమ అడ్డువచ్చు ప్రజాప్రతినిధి లేడు. భారత రక్షణ నిబంధనల క్రింద ధర కట్టుటకు, సరకు స్వాధీనపరచుకొనుటకు, రవాణా నిషేధించుటకు, నేల పట్టుకొనుటకు సర్కారునకు అధికారము కలిగెను. ఢిల్లీలో సరఫరాశాఖ వెలసెను. 1940 అక్టోబరున జరిగిన సమావేశఫలితముగ సూయెజునకు తూర్పునగల బ్రిటిషు సామ్రాజ్యమంతటికిని సరకులు సమకూర్చు మండలి యొకటి ఏర్పడెను.

సర్కారునకు యుద్ధపరిశ్రమలు కావలెనన్న కోరిక ఎంతటిదో తెలిసికొనుటకు విశాఖపట్టణమును చూచిన చాలును. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వమున సింధియా కంపెనీ అచట ఓడల నిర్మాణశాలను తలపెట్టగా, 1941 జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసెను. ఓడలకై ప్రపంచమంతయు అలమటించుచున్న వేళ, సర్కారు ఓడల మరమ్మతులకిచ్చిన ప్రాధాన్యమును ఈ దేశీయుల నిర్మాణమునకు ఇయ్యలేదు. 1942 ఏప్రిలులో జపానువారి బాంబులు పడిన తరువాత యంత్రములు బొంబాయికి తరలెను. అచ్చట పుట్టిన తొలియోడ ‘జల ఉష’ నీళ్లలోనికి దిగినది 1948లో, స్వతంత్రభారత ప్రధాని చేతిమీదుగా.

కట్టుటకు అంత వెనుకాడినవారు ఊడబెరుకుటకు వెనుకాడలేదు. 1928లో కాకినాడనుండి కోటిపల్లికి వేసిన రైలుదారిని, సుమారు 45 కిలోమీటర్ల పట్టాలను, 1940లో ఊడదీసి యుద్ధావసరములకు తరలించిరి. కోనసీమవాసులకు గోదావరి గట్టుదాక వచ్చిన రైలు మరల కనుమరుగయ్యెను. ఆ దారి తిరిగి పడినది 2004లో. పట్టాలు ఊడదీయుటకు ఒక యుత్తరువు చాలినది. తిరిగి వేయించుటకు రెండు తరములు అర్జీలు పెట్టుకొనవలసివచ్చెను.

గోనెసంచి ముచ్చట వేరు. దీనికి మగ్గము మార్చనక్కరలేదు, పనివానికి క్రొత్త విద్య నేర్పనక్కరలేదు. వడ్లు పోసిన సంచిలోనే ఇసుక పోసిన అది కందకమునకు గోడయగును. 1914 యుద్ధములోనే కలకత్తా మిల్లులు ఈ రహస్యమును కనుగొని లాభములు గడించెను. 1939లో సైనికాజ్ఞలు వెల్లువెత్తి, మరుసటియేడే తగ్గిపోయి, మిల్లులవారిని ఊపియూపి వదలెను. సంచి శాంతికాలపు వస్తువో యుద్ధకాలపు వస్తువో దాని నేతను చూచి ఎవరును చెప్పజాలరు. ఏలూరు తివాచీ కథ దీనికి తలక్రిందులు. సీమలు దాటి పేరెన్నికగన్న ఆ సరకు యుద్ధమునకు దేనికిని పనికిరానిది. ఓడలలో అంగుళమంగుళము సైనికసరకుల కొరకు కొలిచి పంచుకొనుచున్న దినములలో, రంగుల పూవులల్లిన ఉన్నిపరుపునకు చోటడుగుటయే సాహసము.

అసలు మలుపు 1942లో వచ్చెను. మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను. మనవారికి రంగూను పరాయియూరు గాదు. అచ్చటి బియ్యపు మిల్లులలోను రేవులలోను చెమటోడ్చిన కూలీలలో తెలుగువారు అసంఖ్యాకులు. ఒక విచిత్రమును గమనింపవలెను. గోదావరి, విశాఖ మండలములనుండి పొట్టచేతబట్టుకొని పోయిన తెలుగువాడు రంగూనులో దంచి సంచికెత్తిన బియ్యము, ఓడమీద మరలివచ్చి, మదరాసు రాజధానిలో వరి చాలని మండలములకు అన్నమయ్యెడిది. ఏటేట 15 లక్షల టన్నులకు అటునిటుగ బర్మాబియ్యము ఈ దేశమునకు దిగుచుండెను. మలబారు, తిరువాన్కూరు, కొచ్చి సీమలు దానినే నమ్ముకొని కొబ్బరితోటలు పెంచుకొనినవి. రంగూను పతనముతో ఆ బియ్యమాగెను. ఆ కూలీలు అరకాను కొండలను, మణిపురపు అడవులను కాలినడకను దాటి, దారిలో విషూచికి, ఆకలికి ఎందరినో కోల్పోయి, చేతులూపుకొనుచు ఇండ్లకు చేరిరి. తినుటకు నోళ్లు పెరిగెను, వచ్చు గింజలు తరిగెను. ఆ ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడగా తీరమంతయు కలవరపడెను. ఆగస్టులో గాంధీజీ ప్రభృతులు నిర్బంధితులైన వెంటనే, తెనాలి రైలుస్టేషను తగులబడి, కాల్పులలో ప్రాణములు పోయెను. ఇట్టి యేడాదిలో సర్కారు కన్ను కృష్ణాగోదావరుల నడుమనున్న గాదెలమీద పడెను.

బర్మా పోయినపిమ్మట ఈ సీమయున్న పశ్చిమగోదావరి మండలము బర్మాకు బదులు నిలువవలసివచ్చెను. ధాన్యపు నియంత్రణపు టుత్తరువులు 1942లో వచ్చెను. ఆ సంవత్సరాంతమున ఢిల్లీలో ఆహారశాఖయే వేరుగ ఏర్పడెను. 1943లో మదరాసు నగరమున రేషను కార్డులు పుట్టెను. పైన ఢిల్లీలో విధానమనబడినది క్రింద కళ్లమువద్ద ఎట్లుండెనో కొంచెము నిలిచి చూడవలెను. కరణము పంటల లెక్కపుస్తకమగు అడంగలు విప్పి, ఫలానా రైతునకు ఇన్ని యెకరములు వరి, ఎకరమునకింత దిగుబడి, మొత్తమింత యని లెక్కగట్టును. దానిలోనుండి ఇంటిల్లిపాదికి తిండిగింజలు, మరుసటియేటికి విత్తనములు, కూలివాండ్రకు కొలువవలసిన గింజలు తీసివేయును. మిగిలినది మిగులు. మిగులంతయు సర్కారు నిర్ణయించిన ధరకు, సర్కారు లైసెన్సు పొందిన వర్తకునకో మిల్లునకో తోలవలెను. మిల్లులో ఆడిన బియ్యము పర్మిటుమీద వ్యాగనుకెక్కి, ఈ రైతు ఎన్నడును చూడని మలబారునకు పోవును. రైతు పొలములో ఒక మొక్కయు మారలేదు. అదే వరి, అదే నూర్పిడి, అదే పురి. పంటకు కర్త మాత్రము మారెను.

దిగుబడి ఎంతయను నొక్క యంకెమీద ఈ ఏర్పాటంతయు ఆధారపడియుండుటచే, ఆ యంకె వ్రాయు కరణము కలమునకు కలెక్టరు సంతకమునకు లేని బలము చేకూరెను. ఇంటిలో తినువారెందరు? అత్తవారింటినుండి పురిటికి వచ్చిన బిడ్డ లెక్కకు వచ్చునా? పాలేరునకు ఏడాదిజీతముగ కొలుచు వడ్లు రైతు ఖాతాలోనివా, పాలేరు ఖాతాలోనివా? ఇట్టివి లోకమునందలి ఏ యుద్ధశాస్త్రమునందును కానరాని ప్రశ్నలు; ఇచ్చట బస్తాల తరబడి బియ్యము వీనిమీద అటునిటు మొగ్గెను. గాదెలో అడుగున వడ్లు దాచి పైన జనపకట్టెలు పేర్చుట మొదలు, రాత్రివేళ బండి చక్రములకు గుడ్డలు చుట్టుటదాక, నాలుగేండ్లలో జనులు నేర్చిన విద్యలకు కరణముల విద్యయే గురువు. బ్లాకుమార్కెట్టను మాట నిరక్షరాస్యునకును నోటబడెను.

ధర రెండైన చోట సరిహద్దు ఊరకుండదు. చింతలపూడికి ఉత్తరమున కొలది క్రోసులు పోయినచో సత్తుపల్లి, అశ్వారావుపేట. అది నిజాము రాజ్యము, అచట చెల్లునది నిజాము నాణెమగు హాలీ సిక్కా. ఆవలి ప్రభుత్వమునకును తనదైన లెవీ, అనగా నిర్బంధ ధాన్యసేకరణ, కలదు. అందును దేశముఖులు, పటేలు పట్వారీలు తమ వాటా తప్పించుకొని చిన్నరైతుమీద బరువంతయు వేయుట 1946లో తెలంగాణమున రగిలిన పోరాటమునకు కారణములలో నొకటి. అయితే కర్మాగారపు బిళ్లను త్రిప్పిన ఛాయ ఆ దిక్కుననే కొంత కానవచ్చుచున్నది. హైదరాబాదులో ఆల్విన్ లోహకర్మాగారము 1942లోను, యంత్రపరికరములు చేయు ప్రాగా టూల్సు 1943లోను వెలసెను. కొత్తగూడెమున బొగ్గు త్రవ్వు సింగరేణి కంపెనీని 1945లో నిజాము సర్కారు తన చేతిలోనికి తెచ్చుకొనెను. ఈవల మెట్టలో సర్కారు కోరినది బొగ్గుగనిని గాదు, కట్టెబొగ్గును.

పెట్రోలు 1941నుండి కూపనులకు మాత్రమే దొరకజొచ్చెను; బర్మా నూనెబావులు పోయినతరువాత అదియు కరవై, కిరసనాయిలు దీపములు మరల ఆముదపు ప్రమిదలకు దారినిచ్చెను. అప్పుడు పుట్టినది బొగ్గుబస్సు. బండివెనుక నిలువెత్తు ఇనుపపీపా యొకటి బిగించి, దానినిండ కట్టెబొగ్గులు పోసి, గాలిని చాలీచాలకుండ పంపి మండింతురు; వెలువడు వాయువును వడగట్టి గొట్టముద్వారా యంత్రమునకు కొనిపోదురు. తెల్లవారుజామున క్లీనరు చేతిపిడిని పట్టి పంకా త్రిప్పి త్రిప్పి, భుజములు పడిపోవువేళకు గాని నిప్పు రాజుకొనదు. పెట్రోలుతో పోల్చిన యంత్రమునకు బలము సన్నగిలును. ఏలూరు పల్లమునుండి ధర్మాజీగూడెముమీదుగా చింతలపూడికి పోవు బాట క్రమముగ ఎత్తెక్కునది. ఇట్టి మెట్టదారులలో చార్జీ యిచ్చిన ప్రయాణికులే దిగి బండిని త్రోయుట ఆ కాలపువారికి వింతగాదు. దిగినవారి పంచెలు మసిబారుటకు కంట్రోలు లేదు, క్రొత్త పంచెలకు మాత్రము 1943నుండి కంట్రోలు కలదు. మదరాసు, బెంగుళూరు, లండను, పారిసు నగరములలో సైతము ఇట్టి బండ్లు నడచెను. బొగ్గునకై అడవి తరుగుట మాత్రము అడవులున్న మెట్టలకే ప్రాప్తించెను.

సైన్యము స్వయముగ వచ్చి కాలూనిన చోటు తాడేపల్లిగూడెము. పల్లమునకును మెట్టకును సంధిస్థలమై, వరదకు లొంగని గరపనేల కలిగి, మదరాసు–కలకత్తా రైలుదారిపై నుండుటచే అచట విమానములు దిగుటకు మైదానమును నిర్మించిరి. గన్నవరమునందును అట్లే. బంగాళాఖాతముమీద కన్నువేసియుండుటకు తీరమునకు వెనుకగా ఇట్టివి పలుచోట్ల వెలసెను. పంటనేల ఒక్క నోటీసుతో విమానక్షేత్రమగుట పటముమీది బిళ్ల మార్పునకు మిక్కిలి దగ్గరగా వచ్చు సంగతి. కాని ఆ బిళ్ల మరల మారలేదు. యుద్ధానంతరము విమానములు పోయెను, రన్‌వే మిగిలెను. దాని సమీపముననే 2015లో వచ్చిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నేడు పాఠములు చెప్పుచున్నది.

ఇన్నిటికి డబ్బెక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు జేబులోనే యుండెను. యుద్ధారంభమున సుమారు 180 కోట్ల రూపాయలుగా నున్న నోట్ల చెలామణి యుద్ధాంతమునకు 1,000 కోట్లు మించెను. బ్రిటిషువారు ఈ దేశమున కొన్న సరకునకు లండనులో పద్దు వ్రాసికొని, ఇచట నోట్లు ముద్రించి చెల్లించిరి. ఆ పద్దు పెరిగి పెరిగి 130 కోట్ల పౌనుల ప్రాంతమునకు చేరెను. వెండిరూపాయలో వెండి సగమునకు తగ్గెను, కాగితపు రూపాయి మరల వచ్చెను. రాగి యుద్ధమునకు కావలసి, 1943నుండి పైసాకు నడుమ గుండ్రని చిల్లు పెట్టి ముద్రించిరి. చిల్లుకాణీ యని జనులు పిలుచుకొని, పిల్లల మొలత్రాట కట్టిరి. ఆ యేడాదియే పొగాకుమీద ఎక్సైజు సుంకము పడి, లంకలలోను మెట్టలోను పొగాకు పండించువాడు ఆకును ఆరబెట్టుటకు ముందు లెక్క చెప్పవలసినవాడయ్యెను.

నష్టమందరికిని సమముగ రాలేదు. ధరలు నింగికెగసినప్పుడు అమ్ముటకు గింజలున్నవాడు, సర్కారు ధరకమ్మినను, తాతలనాటి అప్పు తీర్చుకొనెను. 1945లో మదరాసు ప్రభుత్వమునకై గ్రామఋణములను విచారించిన ఆర్థికశాస్త్రవేత్త బి.వి. నారాయణస్వామినాయుడు పెద్దరైతుల అప్పు తరిగినదనియు, భూమిలేని కూలి అప్పు పెరిగినదనియు తేల్చెను. రైతునకు తిండిగింజలు మినహాయించిన లెక్కలో కూలివాని ఇల్లు వేరుగా నిలువలేదు. గింజలతో కొలువవలసిన కూలిని నోట్లతో చెల్లించు తెలివి వచ్చిన పిదప, ఆ నోట్లతో అతడు కొనవలసినది బ్లాకులోని బియ్యమును. పల్లెటూరి చరిత్రలో దీనికంటె పెద్దమార్పు ఆ ఆరేండ్లలో మరొకటి లేదని నా యభిప్రాయము.

1945లో సంధి కుదిరెను. కాగితములకు సంధి కుదరలేదు. భారత రక్షణ నిబంధనలు కాలముచెల్లగా, 1946లో అత్యవసర సరకులకై తాత్కాలికపు చట్టమను పేర వానిలోని అధికారములను నిలిపిరి. ఆ యేడే రేషను దినమునకు మనిషికి 12 ఔన్సులకు దిగెను. 1947 డిసెంబరులో గాంధీజీ పట్టుదలవలన కంట్రోళ్లు సడలి, మరుసటియేడు మరల బిగిసెను. 1952 జూనులో, ముఖ్యమంత్రియై రెండునెలలైనను నిండని రాజాజీ, అధికారులు వలదనినను, మదరాసు రాష్ట్రమున ధాన్యపు కంట్రోలును ఎత్తివైచెను. బియ్యము మాయమగునని భయపడినవారి కండ్లముందే బజారులోనికి వచ్చెను. తాత్కాలికచట్టము మాత్రము 1955లో నిత్యావసర సరకుల చట్టమై శాశ్వతత్వము పొందినది. తాడేపల్లిగూడెపు మిల్లులవారు ఆడిన బియ్యములో కొంత వంతును ప్రభుత్వమునకు కట్టుబడిధరకు అప్పగించెడి లెవీ ఆ చట్టపు నీడనే సాగెను. దానిని 2015 అక్టోబరు మొదటితేదీనుండి కేంద్రప్రభుత్వము రద్దుచేసెను.